సీటీ రిపోర్టులో క్యాన్సర్ అనుమానం అని రాస్తే అది క్యాన్సరే అయినట్టా?

అడిగిన ప్రశ్న ఇదీ: "మా పెద్దమ్మకు 60 ఏళ్ళు. రెండు నెలలుగా దగ్గు తగ్గడం లేదు. సిగరెట్టు, చుట్ట ఏ అలవాటూ లేదు. సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తిలో ఒక భాగం మూసుకుపోయిందని, క్యాన్సర్ అనుమానం అని రాశారు. వేరే ఏదైనా అయ్యే అవకాశం ఉందా? తేడా ఎలా తెలుస్తుంది?"

ఉంది. మా అమ్మ రిపోర్టులో కూడా దాదాపు ఇవే మాటలు రాశారు, 2023 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి. ఆవిడ ఇవాళ పొద్దున్న ఫోన్ చేసి, కొబ్బరికాయలు దించే మనిషి కూలి పెంచాడని అరగంట తిట్టిపోసింది. అలాగని "ఏం కాదులెండి" అని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఆ మాట చెప్పేవాళ్ళ మీద నాకు వేరే కోపం ఉంది, కింద చెప్తాను. నేను డాక్టర్ని కాను, విశాఖలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటాను.

మాది ఉద్దానం. ఆ పేరు వింటే అందరికీ కిడ్నీలే గుర్తొస్తాయి, మాకూ అంతే. మా ఊళ్ళో "ఎంతుంది?" అని అడిగితే జీతం కాదు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె). అందుకని అమ్మ బక్కచిక్కిపోతుంటే ముందు కిడ్నీయేమో అని రక్తపరీక్ష చేయించాం. 0.9 వచ్చింది, ఇంటిల్లిపాదికీ పోయిన ప్రాణం లేచొచ్చింది. దగ్గు మాత్రం అలాగే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కళ్ళెలో ఎర్రటి చార కనబడుతోందన్న సంగతి ఆవిడ నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. చీర కొంగు మీద మరక చూసి మా అప్ప అడిగితే "కిళ్ళీ మరక" అందట. మా అమ్మ జన్మలో కిళ్ళీ వేసుకోలేదు.

దగ్గరున్న టౌన్‌లో ఒక డాక్టర్ ఎక్స్‌రే చూసి టీబీ అయ్యుంటుంది, మాత్రలు మొదలుపెట్టి చూద్దాం అన్నాడు. తెమడ పరీక్ష రెండుసార్లూ ఏమీ లేదనే వచ్చింది, అయినా "ఒక్కోసారి అలాగే వస్తుంది" అన్నాడు. (ఆ మాట నిజమే, అబద్ధం చెప్పలేదు. కానీ ఆరు నెలల మందుకి అది చాలా?) మేం ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంకో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ సీటీ తీసి మూడో రోజుకి క్యాన్సర్ అన్నారు. పెట్ స్కాన్ (జబ్బున్న చోటు వెలుగుతూ కనబడే స్కాన్) చేయించుకుని క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళమని, ఆలస్యం చేస్తే తమ బాధ్యత కాదని కూడా అన్నారు. వారం తిరక్కుండా మనిషికి రెండు పెద్ద జబ్బులు అంటగట్టేశారు, ఇద్దరిలో ఒక్కరు కూడా లోపల ఏముందో చూడలేదు.

ఆ రిపోర్టు నా దగ్గర ఇప్పటికీ ఉంది. కుడి ఊపిరితిత్తి మిడిల్ లోబ్ (మధ్య భాగం) ముడుచుకుపోయింది, దానికి వెళ్ళే గాలి గొట్టం ఇరుకైంది, మాలిగ్నెన్సీ (క్యాన్సర్) కావచ్చు అని లావు అక్షరాల్లో. మేం అక్కడితో చదవడం ఆపేశాం. దాని కింద మామూలు అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది, ముక్క పరీక్షతో (బయాప్సీ, అంటే ఆ చోటు నుంచి చిన్న ముక్క తీసి చూడటం) సరిచూసుకోవాలి అని. సీటీ చదివే డాక్టర్ నిజాయితీగానే రాశాడు పాపం, నీడ కనబడింది, ఏ నీడో తేల్చుకోండి అన్నాడు. దాన్ని తీర్పులా చదివింది మేమే. మా పెద్ద మావయ్య ఆ లావు అక్షరాలను ఫోన్లో కొట్టి, ఎన్నాళ్ళు బతుకుతారో కూడా వెతికి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. అరగంటలో ఇచ్ఛాపురం నుంచి హైదరాబాద్ దాకా చుట్టాలందరికీ తెలిసిపోయింది, అమ్మకి తప్ప. అమ్మకి "ఊపిరితిత్తిలో నీరు చేరింది" అని చెప్పాం.

ఈ దాపరికం ఎందుకు చేస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. విశాఖ వచ్చేటప్పుడు రైల్లో, ఆముదాలవలస దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది, "పోపుల డబ్బా ఎనకాల డబ్బులున్నాయిరా, చీటీ డబ్బులు, మీ అప్పకి సెప్పకు." ఎందుకమ్మా ఇప్పుడు అన్నాను. "మీరంతా ఒక్కసారే మెల్లగా మాటాడతంటే నాకు తెల్దేటి" అంది. తర్వాత విశాఖ వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

విశాఖలో మా కాలేజీ సార్ ఒకాయన చెప్తే ఒక ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రిపోర్టు కాగితం చదవలేదు, పక్కన పెట్టేసి సీడీ అడిగాడు. సీడీ మేం తీసుకురాలేదు, ఇంట్లో పెట్టేశాం. (మీరు ఈ తప్పు చేయకండి. కాగితం ఒక డాక్టర్ అభిప్రాయం, సీడీలో ఉన్నదే అసలు బొమ్మ.) సరే, ఫిల్ములు ఉన్నాయి, వాటిని లైటు పెట్టెకు తగిలించి చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ గోళ్ళు చూశాడు, మెడ పక్కన వేళ్ళతో నొక్కి గడ్డలేమైనా ఉన్నాయా అని తడిమాడు, గొంతు బొంగురుపోయిందా అని అడిగాడు. ఆ తర్వాత "చుట్ట కాలుస్తావా అమ్మా? అడ్డపొగ?" అన్నాడు.

మా వైపు వాళ్ళకి అడ్డపొగ అంటే చెప్పక్కర్లేదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, శ్రీకాకుళం వైపు పాతకాలం ఆడవాళ్ళలో బాగా ఉండేది, దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లందరికీ తెలుసు. అందుకే టార్చి వేసి అమ్మ అంగిలి కూడా చూశాడు. అమ్మకి మాత్రం భలే కోపం వచ్చింది. "మా అత్త తాగీది. నానెప్పుడూ ముట్టనేదు" అంది. అయితే వంట దేనిమీద చేస్తావు అన్నాడు. ఆ ప్రశ్న అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు. అమ్మ చెప్పుకుంటూ పోయింది, కొబ్బరి మట్టలు, జీడి కట్టెలు, సరుగుడు పుల్లలు, వానాకాలం అయితే తడిసినవే, ఊదుగొట్టంతో ఊదుకుంటూ. పదిహేడో ఏట కాపురానికి వచ్చింది, వంటింటికి కిటికీ లేదు, పొగంతా పెంకుల సందుల్లోంచి పోవాల్సిందే. స్నానాల నీళ్ళు, పశువుల కుడితి కూడా అదే పొయ్యి మీద. లెక్కేస్తే నలభై నాలుగేళ్ళు.

ఆయన ఫిల్ము మీద పెన్నుతో మూడు చోట్ల చూపించాడు. రిపోర్టులో రాసిన చోట ఒక్కటే కాదు, ఇంకో రెండు చోట్ల కూడా గొట్టాలు సన్నబడ్డాయి, అందులో ఒకటి ఎడమ వైపు. పక్కన ఉన్న గ్రంథుల్లో తెల్లగా సున్నం పేరుకుని ఉంది. క్యాన్సర్ అయితే ఎక్కువగా ఒక చోట గడ్డలా పుట్టి ఆ గొట్టాన్ని మూస్తుంది, ఇలా రెండు వైపులా అక్కడక్కడా ఇరుకు చేయడం తక్కువ అన్నాడు. నేను వెంటనే "అంటే క్యాన్సర్ కాదా సార్" అన్నాను. "నేను అలా అన్లేదు, లోపలికెళ్ళి చూద్దాం అన్నాను" అన్నాడు.

లోపలికెళ్ళడం అంటే బ్రాంకోస్కోపీ. మా ఊళ్ళో వాళ్ళకి పైపు టెస్టు. దీని గురించి ఎవరెవరో ఏవేవో చెప్పి భయపెట్టారు, గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందని మా పిన్ని, గొంతు పోతుందని ఇంకొకాయన. ఆ భయంతో ముక్క తీయించకుండా ఆకుమందులకి పోయినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అమ్మకి రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు. పొద్దున్న గొంతు మొద్దుబారడానికి ఒక మందు ఆవిరిలా పట్టించారు, చేదుగా ఉందని మొహం అంతా ముడుచుకుంది. చేతికి మత్తు సూది. ముక్కులోంచి సన్నటి గొట్టం. ఇరవై నిమిషాలు పట్టిందేమో, నాకు రెండు పీరియడ్లు అయినట్టనిపించింది. అయిపోయాక డాక్టర్ నన్ను లోపలికి పిలిచి రికార్డయిన వీడియో చూపించాడు.

మొదట్లో అంతా గులాబీ రంగులో తడిగా మెరుస్తూ ఉంది, రింగులు రింగులుగా, బాగుంది కూడా. కెమెరా ఇంకాస్త కిందికి దిగింది. అక్కడ గోడ మీద నల్లటి మరక. దాని పక్కన ఇంకోటి. ఆపైన మరకలు కాదు, గొట్టం గోడంతా నీలి నలుపు. మా పాత వంటింట్లో వాసాలకు పట్టిన మసి ఉంటుంది చూడండి, వేలితో రాస్తే అంటుకునేది, సరిగ్గా అదే. మిడిల్ లోబ్‌లోకి వెళ్ళే దారి దగ్గర ఆ నలుపు ముడతలు పడి, గుంజుకుపోయి, సూది బెజ్జమంత మిగిలింది. డాక్టర్ వీడియో ఆపి, "ఇది మీ వంటిల్లు" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, క్యాన్సర్ అన్నప్పుడు రాలేదు గానీ.

దీనికి వాళ్ళ భాషలో పేరు బ్రాంకియల్ ఆంత్రకోఫైబ్రోసిస్. పొగలోని మసి ఏళ్ళ తరబడి గాలి గొట్టాల గోడల్లో దిగి, గోడ మచ్చకట్టి, గొట్టం ఇరుకైపోవడం. 1998లో కొరియా డాక్టర్లు ఈ పేరుతో రాశారు. ఎక్కువగా వచ్చేది సిగరెట్టు ముట్టని పెద్ద వయసు ఆడవాళ్ళకే, ఎక్కువగా మూసుకుపోయేది ఆ కుడి మిడిల్ లోబే. సీటీలో చూస్తే అచ్చం క్యాన్సర్ అడ్డం పడినట్టే ఉంటుంది. దీని వెనకే టీబీ కూడా చాలామందిలో నక్కి ఉంటుందట, అందుకని మసి కనబడగానే అయిపోయిందని లేచి వెళ్ళకూడదు, ఆ నల్లటి చోటు నుంచి ముక్కలు తీయాలి, లోపల సెలైన్‌తో కడిగిన నీళ్ళు కూడా పట్టి పంపాలి.

ఇక్కడ ఒక చిన్న విషయం. నా చేతికి సీసాలు ఇచ్చి ల్యాబులో ఇచ్చి రమ్మన్నారు. ఒకదాంట్లో ముక్కలు, అవి పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో, ఇంకోదాంట్లో కడిగిన నీళ్ళు ఉత్తివే. కింద కౌంటర్లో కుర్రాడు రెండూ ఒకే చోట పెట్టబోయాడు. ఫార్మలిన్ పడితే టీబీ పరీక్ష పనికిరాదని పైన నర్సమ్మ రెండుసార్లు చెప్పి పంపింది కాబట్టి నేను గొడవపెట్టుకున్నాను, లేకపోతే ఏమయ్యేదో. టీబీకి సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) రెండూ విడిగా వెళ్ళాలి. మీ పెద్దమ్మకి పైపు వేస్తే ఏ సీసా ఎక్కడికి వెళ్తోందో అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఆరు రోజులకి ముక్క పరీక్ష వచ్చింది, క్యాన్సర్ కణాలు లేవు, మసి మింగిన కణాలు, పాత వాపు, మచ్చ. సీబీనాట్‌లో టీబీ లేదు. మేం స్వీట్లు కొనేశాం. డాక్టర్ మాత్రం నవ్వలేదు. ముక్కలో లేదంటే ఆ ముక్కలో లేదని అర్థం, పక్కన ఉండొచ్చు, మసి పట్టిన ఊపిరితిత్తిలో క్యాన్సర్ రాకూడదని రూలేం లేదు, మూడు నెలలకి మళ్ళీ సీటీ తీద్దాం, ఏమాత్రం పెరిగినా మళ్ళీ ముక్క తీద్దాం అన్నాడు. టీబీ మాత్రలు కూడా ఇవ్వలేదు, కల్చర్ తేలేదాకా ఆగమన్నాడు, దానికి ఆరు వారాలు పట్టింది, అదీ నెగెటివే. ఇంత నింపాదిగా ఉన్న డాక్టర్ని నేను చూడలేదు. ఆ మూడు నెలలు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, అది కూడా చెప్పాలి. మూడు నెలలకి అలాగే ఉంది, ఆరు నెలలకీ, ఏడాదికీ అలాగే ఉంది. ఆ మూసుకున్న భాగం తెరుచుకోలేదు, తెరుచుకోదు కూడా. ఇన్‌హేలర్ వాడుతుంది, చలికాలంలో దగ్గుతుంది, నాలుగు కిలోలు పెరిగింది.

ఇప్పుడు ఆ కోపం సంగతి. మా స్టాఫ్ రూములోనే ఒకాయన, వాళ్ళ నాన్నగారికి ఇలాగే దగ్గు, ఇలాగే నీడ. "పొగ తాగరు కదా, క్యాన్సర్ ఎందుకవుతుంది, ఏం కాదులెండి" అని తెమడలో ఏమీ లేకపోయినా టీబీ మాత్రలు పెట్టారు. ఒంటేలు నారింజ రంగులో వస్తోంది, మందు పనిచేస్తోంది అనుకున్నారు. ఆ రంగు రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల వస్తుంది, జబ్బు ఉన్నా లేకపోయినా వస్తుంది. నాలుగు నెలలయ్యాక గొంతు బొంగురుపోయింది, అప్పుడు ముక్క తీస్తే క్యాన్సర్. పొగ తాగనివాళ్ళకి కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది, మన దేశంలో అలాంటివాళ్ళు తక్కువేం కాదు. మాది ఒక రకం పొరపాటు, వాళ్ళది ఇంకో రకం, రెండింట్లోనూ లోపమొక్కటే, ముక్క లేకుండా పేరు పెట్టేశారు. అందుకే నన్నెవరైనా అడిగితే నేను క్యాన్సరా కాదా అని మాట్లాడను, ముక్క తీశారా లేదా అని అడుగుతాను.

పెట్ స్కాన్ గురించి కూడా. మమ్మల్ని ముందే చేయించుకోమన్నారు, పదిహేను వేల పైమాటే. విశాఖ డాక్టర్ ఇప్పుడొద్దన్నాడు, ఎందుకంటే అందులో క్యాన్సర్ ఎలా వెలుగుతుందో టీబీ అలాగే వెలుగుతుంది, న్యుమోనియా వెలుగుతుంది, వాచిన గ్రంథులు కూడా వెలుగుతాయి. క్యాన్సర్ అని తేలాక ఎక్కడెక్కడికి పాకిందో చూడటానికి అది బాగా పనికొస్తుంది. ముక్క తీయకుండా ముందే చేయిస్తే మా మావయ్యకి ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకోవడానికి రంగుల బొమ్మ దొరికేది, అంతే.

అన్నట్టు మసి, టీబీ మాత్రమే కాదు. అమ్మ పక్క మంచం తాత గారికి రెండేళ్ళుగా ఒకే వైపు పిల్లికూతలు, ఆస్తమా అని మందులు వాడుతున్నాడు, సీటీలో గడ్డ ఉందన్నారు. పైపు వేసి చూస్తే కోడి ఎముక ముక్క, చుట్టూ కండ పెరిగిపోయి ఉంది. ఎప్పుడు మింగాడో ఆయనకి గుర్తే లేదు. వాళ్ళబ్బాయి దాన్ని చిన్న డబ్బాలో వేసుకుని వార్డంతా తిరిగి చూపించాడు.

ప్రశ్నకి సంబంధం లేకపోయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. మా ఇంటికి గ్యాసు కొత్త కాదు. 1999లో దీపం పథకం వచ్చినప్పుడే మాకు కనెక్షన్ వచ్చింది. సిలిండర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి, చుట్టాలొస్తే టీ పెట్టడానికి దాచింది మా అమ్మ. ఒక్క సిలిండర్ ఏడాది వచ్చేది, దాన్ని ఊరంతా పొదుపు అని మెచ్చుకునేవారు. మా నాన్న, నేను, అందరం మెచ్చుకున్నాం. పొయ్యి మీద వండిన చేపల పులుసు రుచే వేరని లొట్టలేసుకుంటూ తిన్నవాళ్ళం. ఆ మెప్పంతా వీడియోలో నల్లగా కనబడింది నాకు. బొగ్గు పొగ క్యాన్సర్ తెస్తుందని, కట్టెల పొగ కూడా బహుశా తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో చెప్పింది. డాక్టర్లు సిగరెట్టు గురించి అడుగుతారు, పొయ్యి గురించి అడగరు. మీ పెద్దమ్మది ఏ పొయ్యో మీరూ రాయలేదు చూడండి. అది డాక్టర్‌కి మీరే చెప్పండి, ఎన్నేళ్ళో లెక్కతో సహా.

2024 నవంబరు 1న ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని దీపం-2 మొదలుపెట్టింది మా వైపే, ఈదుపురంలో. అమ్మతో ఇంకేం, ఇక పొయ్యి జోలికి పోకు అన్నాను. సరే అంది. పోయిన నెల చెప్పకుండా ఊరెళ్ళాను. పెరట్లో మూడు రాళ్ళు, వాటి మీద నీళ్ళ డేగిసా, కింద కొబ్బరి మట్ట మండుతోంది. "బయటే కదరా, పొగ పైకే పోతంది" అంది, కొంగుతో మూతి తుడుచుకుంటూ. నేను ముందు కొంగు చూశాను, మరకేం లేదు.

పైపు టెస్టు అయ్యాక ముక్కలో ఏమొచ్చిందో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.